నవలారచయిత నూతన సంవత్సర సంకల్పము



ఈ మహాసభయందు విద్యను గూర్చియు, వృత్తిని గూర్చియు, సంఘాభివృద్ధిని గూర్చియు మాటలాడుటకు నాకంటె సమర్థులు పెక్కుమంది యీ వేదికపై నున్నారు. నేను నవలలు వ్రాయువాడను. ఉగాది సమీపించుచున్న యీ సమయమున, నవలారచయిత తనకును తన కలమునకును ఎట్టి నియమములు విధించుకొనవలెనో నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. విషయము చిన్నదిగా తోచవచ్చును. కాని పూనిన పనిని ముగించుట యెట్లను ప్రశ్న కలము పట్టినవానిది మాత్రమే కాదు. నాడె విసరువానికిని, బడికి పోవు బాలునికిని అది సమానమే.

ఉగాదినాడు మనమందఱమును పంచాంగశ్రవణము చేయుదుము. మన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత యని చెవియొగ్గి విందుము. అవి మనకు వచ్చునవే కాని మనము చేయునవి కావు. నవల వ్రాయువాని కోరికలును తఱచుగా నిట్టివే. ఈ యేడు బహుమానము రావలెను, పుస్తకము మఱల ముద్రణము పొందవలెను, విమర్శకులు మెచ్చవలెను అని యాతడు తలపోయుచుండును. ఇవి కోరికలు, సంకల్పములు కావు. పరుల చేతిలో నున్నదానిని మనము సంకల్పింపజాలము.

మన పెద్దలు సంకల్పమను మాట నెంత జాగ్రత్తతో వాడిరో చూడుడు. వ్రతమునకు గూర్చుండిన గృహస్థుచేత పురోహితుడు ముందుగా దేశమును చెప్పించును. పిదప సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము చెప్పించును. ఆపైని గోత్రనామములతో కర్త యెవ్వడో చెప్పించును. అటుపిమ్మటనే చేయబోవు కర్మ చెప్పబడును. ఎక్కడ, ఎప్పుడు, ఎవ్వడు, ఏమి చేయును అను నాలుగును కలిసినప్పుడే సంకల్పము పూర్ణమగును. “ఈ యేడు మంచి నవల యొకటి వ్రాసెదను” అను మాటలో చోటు లేదు, వేళ లేదు, కొలత లేదు. కావుననే యది ఆషాఢము రాకమునుపే మఱపున బడును. నా రాబోవు సంవత్సరమును ఈ నాలుగు విభాగములుగానే మీకు విన్నవించెదను.

మొదటిది దేశము. వ్రాయుటకు ఏకాంతమును, ఉద్యానమును, ఏటియొడ్డును కావలెనని కొందఱందురు. ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు “మాలపల్లి”ని రాయవేలూరు చెరసాలలో వ్రాసిరి. 1922లో నది వెలువడెను. చోటు మంచిదగుటకంటె మాఱకుండుట ముఖ్యము. మా యింట మగ్గము తీసివేసిన గది యొకటి కలదు. గుంట పూడ్చి, దానిపై చిన్న బల్ల వేసికొంటిని. ఈ సంవత్సరమంతయు నా వ్రాత అక్కడనే. ఆ బల్లపై చరవాణి యుండదు.

రెండవది కాలము. పందొమ్మిదవ శతాబ్దిలో ఆంథొనీ ట్రాలప్ అను ఆంగ్ల నవలారచయిత తపాలాశాఖలో ఉద్యోగి. ఉద్యోగము చేయుచునే ప్రతిదినమును ఉదయము ఐదున్నర గంటలకు బల్లకడ గూర్చుండి, గడియారము నెదుట నుంచుకొని, పావుగంటకు 250 మాటల చొప్పున వ్రాసెడివాడు. దినమున కెన్ని పుటలైనవో పట్టికలో నెక్కించెడివాడు. ఆ రీతిని 47 నవలలను పూర్తిచేసెను. ఈ వ్రాతపద్ధతిని ఆతడు మరణించిన పిదప 1883లో ప్రకటింపబడిన స్వీయచరిత్రయందు వ్రాసియున్నాడు. మన తెలుగున కందుకూరి వీరేశలింగము పంతులుగారు “రాజశేఖర చరిత్రము”ను 1878లో పత్రికాముఖమున ప్రకరణములుగా వెలువరించి, 1880లో పుస్తకముగా దెచ్చిరి. పాఠకులు తరువాతి భాగమునకై యెదురుచూచుచుండగా రచయిత సోమరిగా గూర్చుండజాలడు.

విశ్వనాథ సత్యనారాయణగారు “వేయిపడగలు” వంటి మహానవలను నెలదినములలోపలనే ముగించిరను ప్రసిద్ధిని కొందఱు యువకులు నా కెదురుగా జెప్పుదురు. నిజమే. కాని ఆ కొలది దినముల వెనుక ఎన్ని సంవత్సరముల పఠనము, ఎంత యాలోచన నిలిచియున్నదో తలపవలెను. అసాధారణుల వేగము మనబోంట్లకు నియమము కాజాలదు. నా లెక్క సామాన్యమైనది. దినమునకు 250 మాటలు. పండుగలు, పెండ్లిండ్లు, జ్వరములు, ప్రయాణములు అని 65 దినములు తీసివేసితిని. మిగిలిన 300 దినములకు 75,000 మాటలగును. అది యొక మధ్యమ పరిమాణముగల నవల.

ఈ లెక్క మన కులవృత్తి నెఱిగినవారికి క్రొత్తది కాదు. పోచంపల్లి చీర యొక్కదానికి ఆసు పోయవలెనన్న స్త్రీ తన చేతిని సుమారు తొమ్మిదివేల మాఱులు ఇటునటు ద్రిప్పవలసియుండెను. తల్లి పడిన యీ శ్రమను చూడలేక చింతకింది మల్లేశముగారు 1999లో లక్ష్మీ ఆసుయంత్రమును నిర్మించిరి; 2017లో పద్మశ్రీ బిరుదమునొందిరి. ఆ తల్లులు తొమ్మిదివేలను ఒక్కమాఱుగా తలచియుండిన చేయి కదలియుండదు. ఒక్కొక్క పోగునే చూచిరి. నేడు క్షణములో పుటలు నింపు యంత్రములును వచ్చినవి. కాని నా నవలకు గావలసిన మాటలు ఆ యంత్రముల నెన్నడును చేరినవి కావు. అవి మన యిండ్లలోని ముదుసలుల నోట నున్నవి.

మూడవది కర్త. అనగా వ్రాయువాని దేహమును, ఇల్లును. సర్ వాల్టర్ స్కాట్ 1826లో గొప్ప ఋణమున మునిగి, దానిని కలముతోనే తీర్చెదనని ప్రతినపూని, విశ్రాంతి యెఱుగక వ్రాసెను. పక్షవాతము పలుమాఱులు పీడింపగా 1832లో మరణించెను. అతని ధర్మబుద్ధి శ్లాఘనీయము. అతని దేహమునకు గలిగిన గతి మనకు హెచ్చరిక. కావున రాత్రి పదిగంటలకు నిద్ర, ఉదయము వ్రాత ముగిసిన పిదప అరగంట నడక నా నియమములు.

మఱియొక నియమము కలదు. ప్రతిదినము దీపములు పెట్టిన పిదప ఒక గంట మా అమ్మగారికడ గూర్చుండవలెను. ఆమెకు 86 ఏండ్లు. కండెలు చుట్టుచు, కుటుంబములు ఊరు విడిచి సోలాపురమునకును, భీవండికిని, సూరతునకును పోవుట చూచినది. ఎవరింటి మగ్గము ఏ అప్పుక్రింద పోయినదో, ఏ పిల్లను ఏ బండి యెక్కించిరో ఆమె యెఱుగును. కాని ఉదయము గుర్తున్న పేరు సాయంకాలమునకు తప్పిపోవుచున్నది. ఆ గంట నవలకొఱకు మాత్రమే కాదు. ఆమె యేమియు జెప్పని దినమునను నేను గూర్చుండవలెను. కుమారుడు కథ సేకరించువాడుగా మాత్రమే తల్లికడకు పోగూడదు.

నాల్గవది కర్మ. నేను వ్రాయబూనిన నవల ఆ వలసపోయిన కుటుంబములలో నొకదాని కథ. సంవత్సరాంతమున గ్రంథమంతయు ముగిసిన పిదప చదివి వినిపింతమనుకొనుటకు వ్యవధి లేదు. కావున ముగిసినంతవఱకు ప్రతి పూర్ణిమనాడును అమ్మగారికిని, వీధిలోని వృద్ధులైన నేతగాండ్రకును చదివి వినిపింతును. పడుగు, పేక, అచ్చు, నాడె, కండె అను మాటలు నిఘంటువున దొరకును. కోపమువచ్చిన నేతగాడు వానితో ఎట్టి సామెత కట్టునో, పోగు తెగినప్పుడు ఇల్లాలు ఏమనునో నిఘంటువు చెప్పదు. వారు కాదన్న మాటను కొట్టివేయుదును. వారు నవ్విన చోటును విడిచిపెట్టుదును.

బహుమానమును గూర్చియు, విమర్శను గూర్చియు నేను ఏ సంకల్పమును చేయలేదు. రాజపూజ్యావమానములను పంచాంగమునకే విడిచితిని.

ఇక మీకు రెండు మనవులు. ట్రాలప్ తన్ను వేకువనే లేపి కాఫీ యిచ్చు ముసలి సేవకునికి ఏటికి ఐదు పౌనులు అదనముగా నిచ్చుచు, తన జయమున కతడే ముఖ్యకారణమని కృతజ్ఞతతో వ్రాసికొనెను. వ్రాయువాని వెనుక వేళను కాపాడు మనుష్యు డొకడు ఉండవలెను. పురుషునకు ఇల్లాలు ఆ వేళను కాపాడుచున్నది. ఇల్లాలు వ్రాయదలచినచో ఎవరు కాపాడుదురు? 1960, 1970 సంవత్సరముల ప్రాంతమున తెలుగు నవలను ఇంటింటికి చేర్చినవారిలో స్త్రీలు అగ్రగణ్యులు. వారిలో పలువురు వంటయింటి పనియైన పిదపనే కాగితము ముట్టిరి. మీ యింట వ్రాయు కూతురుగాని కోడలుగాని యున్నచో ఈ యుగాదికి పట్టుచీరతోపాటు దినమునకు ఒక గంట యిండు. ఆ గంటలో పొయ్యి మీరు చూచుకొనుడు.

రెండవ మనవి యేమనగా, ఈ సభలో డెబ్బది దాటిన పెద్దలు పలువురు ముందువరుసలలో గూర్చున్నారు. భోజనవిరామమున నేను మీకడకు పుస్తకమును పట్టుకొని వచ్చెదను. మీ మగ్గపు మాటలను, మీ వలసల సంవత్సరములను నాకు ప్రసాదింపుడు. వచ్చు మహాసభలో నన్ను జూచినప్పుడు నవల గొప్పదా యని యడుగవలదు. మూడువందల దినములును గూర్చుంటివా, మేము చెప్పిన మాటలు చేర్చితివా యని యడుగుడు. దానికి మాత్రము నేను బాధ్యుడను.

 నూతన సంవత్సరము మీ యిండ్లకు ఆరోగ్యమును, మీ చేతులకు పనిని కలుగజేయుగాక!