పాడికి ముందే కుక్క
(ఆలూరు పాల సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘంలో కుక్క మాటేమిటని నవ్వకండి. మనిషి మొదట మచ్చిక చేసుకున్నది ఆవును కాదు, కుక్కను. దాని పూర్వీకులు తోడేళ్ళు. జర్మనీలో ఒబెర్‌కాసెల్ వద్ద మనుషులతోపాటు పాతిపెట్టిన కుక్క ఎముకలు దొరికాయి. అవి సుమారు 14,000 ఏళ్ళ నాటివి. ఆవును మచ్చిక చేసింది ఆ తర్వాతనే. మనిషి ఎక్కిన పడవలోనే కుక్కా ఎక్కి, సుమారు 3,500 ఏళ్ళ కిందటికే ఆస్ట్రేలియా చేరింది.

మనకు దగ్గరలో, పాలమూరు సీమలోని ఉట్నూరులో, 1957లో ఆల్చిన్ అనే శాస్త్రజ్ఞుడు ఒక బూడిద దిబ్బను తవ్వించారు. కాలిన పేడ, కంచె గుంజల గుంతలు, పశువుల గిట్టల గుర్తులు బయటపడ్డాయి. నాలుగువేల ఏళ్ళ నాటి దొడ్డి! రాత్రిళ్ళు దానికి కావలి ఎవరు? ఆలూరు చేలల్లో గొర్రెల మంద పక్కన చెవులు రిక్కించి పడుకున్న కుక్కను చూసినప్పుడల్లా నాకు ఆ దొడ్డి గుర్తొస్తుంది.

అదే కుక్కకు పిచ్చిపట్టి మీ ఎనుమును కరిస్తే? రేబిస్ లక్షణాలు కనబడ్డాక మందు లేదు. గాటుకు పసుపో సున్నమో పూసి ఊరుకోకండి. చేతులకు తొడుగులేసుకొని, సబ్బునీళ్ళతో పావుగంట కడిగి, ఆ రోజే పశువైద్యునికి చూపండి. ఆయన సరేననేదాకా ఆ పాలు కేంద్రానికి పోయకండి, ఇంట్లో పిల్లలకూ ఇవ్వకండి. దొడ్డి కాసే కుక్కకు ఏటేటా టీకా వేయించండి.