మునిగిన లోయకు నమూనా

దాచేపల్లి నుండి పిల్లలతో బయలుదేరి, పడవనెక్కి నాగార్జునకొండ మ్యూజియం చేరితిమి. అచ్చటి లోయ నమూనాను చూచి ఒక బాలుడు, "ఇది బొమ్మయేనా?" అని మమ్మడిగెను.

కాదు. 1954 నుండి 1960 వరకు పురావస్తుశాఖవారు ఇక్ష్వాకుల విజయపురిని త్రవ్వి కొలిచిరి. కొన్ని కట్టడములను కొండపైకిని, అనుపుకును తరలించిరి. లోయలో ఏది ఎచ్చట నుండెనో నమూనా చూపును.

నూరడుగుల గోడను అడుగుకు కుదించినచో, అడుగు మెట్టు అంగుళములో సుమారు ఎనిమిదవ వంతే కావలెను. రంగెంత బాగున్నను లెక్క తప్పరాదు. మూలము ఎదుట నున్నచో పోల్చి దిద్దవచ్చును; ఇచ్చట మూలము నీట మునిగినది.

1967లో సాగరు కుడికాలువకు నీరు వదలిరి. మా పల్నాటి చేలు పండుటకు ఏమి మునిగెనో పిల్లలకు చూపుట మా ఋణము.