ఎక్స్‌రే చదువు: చేర్పించే ముందు అడగవలసిన మాటలు
(మన సంఘం ఉగాది సభలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగం)



పంచాంగ శ్రవణానికీ పిల్లల నాటికకూ మధ్య నాకు పావుగంట ఇచ్చినారు. నేను పండితుణ్ణి కాను. మెట్రిక్ ప్యాసైనవాణ్ణి. మా నాన్నగారు ఉద్యోగంలో ఉండగానే పోవటంతో పందొమ్మిదో ఏట రైల్వేలో ప్యూనుగా చేరి, డిపార్టుమెంటు పరీక్ష రాసి గుమస్తా నయినాను. ఇటువంటివాడు వైద్యానికి సంబంధించిన చదువును గురించి చెప్పటమేమిటని కొందరికి తోచవచ్చు. గోతిలో పడినవాడికి గొయ్యి ఎక్కడున్నదో బాగా తెలుస్తుంది గనుక చెబుతున్నాను.

మా చెల్లెలు ప్లస్ టూ ఆర్ట్సులో ప్యాసైనది. 2016లో ఒక పెద్దమనిషి మా క్వార్టరుకు వచ్చి, పక్క పట్టణంలో ఎక్స్‌రే డిప్లొమా ఉన్నదనీ, ఆర్ట్సయినా పర్వాలేదనీ, చేరితే ఉద్యోగం చేతిలో పెట్టినట్లేననీ అన్నాడు. నాన్నగారి పి.ఎఫ్. డబ్బులో నుంచి లక్షా ఇరవైవేలు తీసి కట్టినాను. ఆ సంస్థకు గుర్తింపు ఎవరిచ్చినారని ఒక్క మాట అడగలేదు. ఆఫీసులో మూడు రూపాయల వోచరుకు మూడు సంతకాలు చూసే నేను, ఇంటి విషయంలో ఒక్క కాగితమూ చూడలేదు.

2019లో రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డులవారు పారామెడికల్ ఉద్యోగాలకు ప్రకటన ఇచ్చినారు. ఆ కాగితాన్ని మా ఆఫీసు నోటీసు బోర్డుకు గుచ్చినది నా చెయ్యే. రేడియోగ్రాఫరుకు ప్లస్ టూలో భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం ఉండాలి, గుర్తింపు పొందిన సంస్థలో రెండేళ్ళ డిప్లొమా ఉండాలి అని అందులో ఉన్నది. చెల్లెలికి మొదటిదీ లేదు, రెండోదీ లేదు. ఆ సాయంత్రం నేను ఇంటికి ఆలస్యంగా వెళ్ళినాను.

ఈ సంగతి సభలో చెప్పటానికి ఆమె అనుమతి తీసుకున్నాను. "నా పేరు చెప్పకు అన్నయ్యా, సంగతి మాత్రం దాచకు" అన్నది. ఆమె తరువాతి కథ చివర చెబుతాను.

సైన్సు ఎందుకు అడుగుతారని మొదట నాకు కోపం వచ్చింది. మీట నొక్కటానికి భౌతికశాస్త్రం ఎందుకనుకున్నాను. ఎందుకో చిత్తగించండి. 1895 నవంబరు 8న జర్మనీలో రాంట్‌జన్ అనే ఆచార్యుడు ఈ కిరణాలను కనుగొన్నాడు. 1901లో భౌతికశాస్త్రానికి మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే వచ్చింది. కాని ఈ కిరణాలు ఎముకను చూపించటమేగాక ఒంటికి హాని కూడా చేస్తవని లోకానికి నెమ్మదిగా తెలిసింది. ఎడిసన్ దగ్గర ఈ కిరణాలతో పనిచేసిన క్లారెన్స్ డాలీ అనే సహాయకుడు చేతులు పాడై 1904లో మరణించినాడు. అందుచేత ఈ పని చేసేవారికి క్రమమైన శిక్షణ అవసరమైంది. మన పెద్దలకు తెలిసిన మద్రాసులో బర్నార్డ్ రేడియాలజీ సంస్థ 1934లోనే వెలిసింది.

యంత్రంలో వోల్టేజి పెంచితే కిరణం లోతుకు దూసుకుపోతుంది. కరెంటు, కాలం పెంచితే కిరణాల మొత్తం పెరుగుతుంది. దూరం రెండింతలైతే కిరణాల తీవ్రత నాలుగోవంతుకు తగ్గుతుంది. ఈ లెక్క తెలియనివాడు బక్కపలచని పిల్లవాడికీ, బొద్దుగా ఉన్న మనిషికీ ఒకే కొలత పెడతాడు. బొమ్మ చెడుతుంది. మళ్ళీ తీస్తాడు. రెండో మోతాదు రోగి ఒంటిమీద పడుతుంది. ఎం.ఆర్.ఐ.లో ఎక్స్ కిరణాలు లేవు గాని అయస్కాంతం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబయిలో ఒక ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండరుతో ఆ గదిలోకి వెళ్ళిన మనిషిని అయస్కాంతం లాగివేయగా అతడు మరణించినాడు. పాఠంలో ఒక వాక్యం మరచిపోతే ఇంత ప్రమాదం.

ఇక చేరికకు కావలసినవి. మన దేశంలో 2021లో అనుబంధ వైద్యవృత్తులకు ఒక చట్టం వచ్చింది. ఎక్స్‌రే, స్కానింగు వృత్తి అందులో చేరి ఉన్నది. అనుబంధ వృత్తికి డిప్లొమా గాని డిగ్రీ గాని రెండు నుంచి నాలుగేళ్ళలో కనీసం 2,000 గంటల చదువు ఉండాలని ఆ చట్టం చెబుతుంది. ఆరు నెలల్లో సర్టిఫికెట్టు ఇస్తామన్నవాడికి దూరంనుంచే దండం పెట్టండి. గర్భిణులకు స్కానింగు నేర్పి సొంత దుకాణం పెట్టిస్తామన్నవాడి గుమ్మమే తొక్కకండి. అది అర్హత గల డాక్టర్లు చేయవలసిన పని. శిశువు ఆడో మగో చెప్పటం 1994 చట్టం ప్రకారం నేరం.

సీటు చాలాచోట్ల ప్లస్ టూ మార్కులనుబట్టి ఇస్తారు. మార్కులు కావలసినవే. లెక్కలు, భౌతికశాస్త్రం, శరీర నిర్మాణం పట్టుబడని పిల్లలు మొదటి ఏడాదిలోనే తడబడతారు. కాని మార్కులు సగమే చెబుతవి. రక్తం చూసి కళ్ళు తిరిగేవాడు, నొప్పితో మూలిగే ముసలివాణ్ణి బల్లమీదికి ఓపికగా ఎక్కించలేనివాడు నూటికి తొంభై తెచ్చుకున్నా ఈ పనిలో నిలవడు. అమెరికాలో కొన్ని కళాశాలలు చేర్చుకునే ముందే పిల్లవాణ్ణి ఆసుపత్రిలో కొన్ని గంటలు ఉండి పని చూసి రమ్మంటవి. మనవాళ్ళు అడగకపోయినా, పెద్దాసుపత్రి ఎక్స్‌రే గది ముందు బెంచీమీద రెండు పూటలు పిల్లల్ని కూర్చోబెట్టండి. ఇష్టమున్నదో లేదో వారికే తెలుస్తుంది.

ఆ దేశంలో మరొక మంచి పద్ధతి ఉన్నది. గుర్తింపు కావలసిన కళాశాల మూడు లెక్కలు బయటపెట్టాలి: చేరినవారిలో ఎందరు చదువు పూర్తిచేసినారు, పూర్తిచేసినవారిలో ఎందరు మొదటిసారికే వృత్తి పరీక్ష ప్యాసైనారు, ఏడాదిలోగా ఎందరికి పని దొరికింది. చివరి రెండూ అయిదేళ్ళ సగటున నూటికి 75కు తగ్గగూడదు. ఈ మూడు ప్రశ్నలూ మనం కూడా అడుగుదాం. నాలుగోది నేను కలుపుతాను: పిల్లలు ఏ ఆసుపత్రిలో, ఎన్ని నెలలు, ఎవరి పర్యవేక్షణలో పని నేర్చుకుంటారు? అయిదోది, అక్కడ వారికి మోతాదు కొలిచే బ్యాడ్జి ఇస్తారా? అణుశక్తి నియంత్రణ మండలి నిబంధన ప్రకారం ఈ పని చేసేవారికి అయిదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు మించగూడదు. బ్యాడ్జి లేకపోతే మించిందో లేదో ఎవరికి తెలుస్తుంది? మా చెల్లెలు మొదట పనిచేసిన చోట బ్యాడ్జి లేదు. ఆ రోజులు తలుచుకుంటే నాకిప్పటికీ నిద్ర పట్టదు.

మన వలసవారికి మరో చిక్కు ఉన్నది. తెలుగువాళ్ళమే గదా, ఇక్కడ రాకపోతే ఆంధ్రాలో సీటు వస్తుందని చాలామంది ధీమా. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు నూటికి 85 సీట్లు స్థానికులకు కేటాయించింది. స్థానికత ప్రధానంగా చదివిన ఊరినిబట్టి వస్తుంది గాని మాట్లాడే భాషనుబట్టి కాదు. నియమాలు మారుతూ ఉంటవి గనుక ఏ ఏడు ప్రకటన ఆ ఏడు చదువుకోవాలి. ఒరిస్సాలో పుట్టి పెరిగిన మన పిల్లలు ముందుగా ఇక్కడి ప్రభుత్వ వైద్య కళాశాలల ప్రకటనలు చూడాలి. నివాస ధృవపత్రం పదో తరగతిలోనే తెచ్చిపెట్టుకోవాలి. ఆఖరి వారంలో పరుగెత్తేవారిని ఆఫీసులో రోజూ చూస్తున్నాను.

చిక్కుతోబాటు ఒక బలమూ ఉన్నది. ఛాతీ ఎక్స్‌రే తీయాలంటే రోగి గట్టిగా ఊపిరి పీల్చి బిగపట్టాలి. ఆ మాట అర్థం కాకపోతే బొమ్మ పాడవుతుంది. మా చెల్లెలి ఆసుపత్రికి శ్రీకాకుళం వైపు నుంచి ఒక ముసలమ్మ వచ్చిందట. హిందీలో చెబితే ఆమె ఊపిరి వదిలేసింది. చెల్లెలు వెళ్ళి, "మామ్మా, గుండెల నిండా గాలి పీల్చుకుని అలాగే ఉండు" అన్నది. ఒక్కసారికే బొమ్మ కుదిరింది. తెలుగు, ఒడియా, హిందీ వచ్చిన మన పిల్లలకు ఈ పనిలో అది చిన్న అర్హత కాదు.

అవును, ఆమె ఇప్పుడు ఆసుపత్రిలోనే ఉన్నది. సార్వత్రిక విద్యాపీఠం ద్వారా ప్లస్ టూ సైన్సు మళ్ళీ రాసి, తనకంటే చిన్నవాళ్ళ పక్కన కూర్చుని, ప్రభుత్వ గుర్తింపు గల డిప్లొమా పూర్తిచేసింది. రొమ్ముమీద బ్యాడ్జి పెట్టుకుని పనికి వెడుతున్నది. లక్షా ఇరవైవేలు తిరిగి రాలేదు. ఆరేళ్ళు అంతకంటే రావు.

సంఘానికి నాదొక్క విన్నపం. మన గదిలో ఒక నోటుపుస్తకం పెడదాం. ఎవరి పిల్లలు ఎక్కడ చేరినారు, ఎంత కట్టినారు, పూర్తయిందా, పని దొరికిందా అన్నది రాసుకుందాం. మొదటి పేజీ నేను రాస్తాను, నా పొరపాటుతోనే. ఆదివారాలు వచ్చి పిల్లలకు చెప్పటానికి చెల్లెలు ఒప్పుకున్నది.