చివరిగా కనబడిన చోటు

తప్పిపోయిన విమానమును ఎలా వెదకుతారో ఈ పూట మాట్లాడుకుందాము.

సూర్యలంక ఒడ్డున నిలిచి, వేటకు వెళ్ళే పడవను చూడండి. ముందు అడుగు భాగం మరుగవుతుంది, తరువాత పైకొన. భూమి గుండ్రముగా ఉన్నది గనుక మన చూపు అంతవరకే. రాడార్‌కు కూడా అంతే. 30,000 అడుగుల ఎత్తున ఎగిరే విమానం ఒడ్డు మీది రాడార్‌కు సుమారు 390 కిలోమీటర్ల వరకు కనబడగలదు. వెయ్యి అడుగులకు దిగితే 70 కిలోమీటర్లే.

ఇంకొక సంగతి గమనించండి. విమానాశ్రయపు తెర ముఖ్యంగా విమానం ఇచ్చే జవాబు మీద ఆధారపడుతుంది. విమానంలోని ట్రాన్స్‌పాండర్ "నేను ఫలానా" అని చెబుతుంది. అది మూగబోతే ఆ గుర్తు పోతుంది. సైనిక రాడార్ జవాబు కొరకు చూడదు. తాను పంపిన తరంగం దేనికో తగిలి తిరిగి వస్తే చాలు. పేరు తెలియదు గాని, ఏదో వెళ్తున్నదని తెలుస్తుంది.

2014 మార్చి 8న 239 మందితో కౌలాలంపూర్ నుండి బీజింగ్ బయలుదేరిన ఎంహెచ్ 370 విమానం రాత్రి 1:21కి ఆ గుర్తు కోల్పోయింది. అది వెనుకకు తిరిగి, మలేషియా దేశం మీదుగా పెనాంగ్ దాటి వెళ్ళినట్లు సైనిక రాడార్ నమోదు చేసింది. చివరిగా కనబడినది 2:22కి. అయినా మొదటి వారమంతా అనేక ఓడలు దక్షిణ చైనా సముద్రంలో వెదికాయి! యంత్రంలో లోపమని నేననను. తెర మీద గీత ఉన్నది. అది శత్రు విమానం కాదనుకొని ఆ రాత్రి ఊరకుండిరి. తరువాత ఉపగ్రహ సంకేతములను బట్టి అది దక్షిణ హిందూ మహాసముద్రం వైపు గంటల తరబడి ఎగిరినదని తేల్చారు. అక్కడికి ఏ తీరపు రాడార్ చూపూ అందదు.

మన బంగాళాఖాతములోనూ ఇటువంటిది జరిగింది. అది ప్రయాణికుల విమానం కాదు, వాయుసేన వారి ఎఎన్-32. 2016 జూలై 22న 29 మందితో తాంబరం నుండి పోర్ట్ బ్లెయిర్ బయలుదేరింది. ఎడమకు తిరిగి, 23,000 అడుగుల నుండి వేగంగా దిగిపోవడం చెన్నై రాడార్ చూసింది. అంతే. కనీసం ఏ సముద్రంలో వెదకాలో తెలిసింది. ఓడలు, విమానాలు ఎన్ని వెదకినా ఏమీ దొరకలేదు.

చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వారి మనిషి లేని జలాంతర వాహనం 3,400 మీటర్ల లోతున తీసిన చిత్రాలలో శకలాలు కనబడ్డాయి. చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరమున. అవి ఆ విమానానివే అయి ఉండవచ్చునని 2024 జనవరిలో ప్రకటించారు.

ఆ 29 మందిలో ఎనిమిది మంది విశాఖపట్నం నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. వారి ఇంటివారు ఈ ఒక్క మాట వినడానికి ఏడున్నర ఏండ్లు కనిపెట్టుకొని ఉన్నారు.