పంచాయతీ బీరువాలోని డీవీడీలు

(అనంతపురం జిల్లా పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



గత వేసవిలో నేనొక గ్రామమునకు పోయితిని. అచట చెరువునకు నీరు తెచ్చు కాలువ హద్దును గూర్చి వివాదము గలదు. 2010 ప్రాంతమున జరిగిన గ్రామసభలో ఊరి ముసలి నీరుగంటి కాలువ వెంట నడచి, హద్దు రాళ్ల నొక్కొక్కటిగా చూపెనట. ఆతడిప్పుడు లేడు. నాడొక యువకుడు ఆ దృశ్యమును చిత్రించి, ఇంటి కంప్యూటరులో డీవీడీపై వ్రాసి పంచాయతీకి ఇచ్చియుండెను. ఆ డిస్కును తీసి ప్లేయరులో పెట్టగా, డిస్కు లేదను ఆంగ్లాక్షరములు తెరపై వచ్చెను. జనము నవ్విరి. "ఇందులో ఏమియు లేదు, పారవేయుడు" అని ఒక పెద్దమనిషి తీర్పు చెప్పెను.

ప్లేయరు లేదన్నంత మాత్రమున లేదని నమ్మరాదు. అంగడిలో కొన్న సినిమా డిస్కును అదే ప్లేయరులో పెట్టి చూడవలెను. అదియు ఆడనిచో దోషము ప్లేయరుది. మన సీమ దుమ్ము లోపలి కటకముపై పేరుకొనుట సామాన్యము. సినిమా ఆడినచో మన డిస్కును పరీక్షింపవలెను.

డిస్కును తుడుచుటయందు మనము చేయు పొరపాటొకటి గలదు. పళ్లెమును తోమినట్లు గుండ్రముగా రుద్దుదుము. డిస్కుపై వ్రాత చుట్లు చుట్లుగా నుండును. చుట్టు వెంబడి గీత పడినచో ఒకేచోట చాల సమాచారము చెడును. అడ్డముగా పడిన చిన్న గీతను ప్లేయరు తానే సవరించుకొనగలదు. కావున మెత్తని గుడ్డతో నడుమ నుండి అంచునకు తిన్నగా తుడువవలెను.

ఇక వ్రాసిన తీరు. ఎక్కువ డిస్కులు మూలపడుట కిదియే కారణము. పాత ప్లేయరునకు 'వీడియో టీఎస్' అను సంచికలో, తనకు తెలిసిన పద్ధతిలో అమర్చిన చిత్రమే కావలెను. కంప్యూటరులోని ఎంపీ4 ఫైలును ఉన్నదున్నట్లు డిస్కుపైకి ఎక్కించినచో అది దానికి తెలియని లిపి. కంప్యూటరులో తెరచి చూచిన సంగతి తేలును. రికార్డరుతోనో కెమెరాతోనో వ్రాసిన డిస్కునకు 'ఫైనలైజ్' అను ముగింపు క్రియ చేయనిచో ఇతర ప్లేయర్లు దానిని చదువజాలవు. దానిని వ్రాసిన యంత్రముననే ఆ పని చేయుట మేలు.

డిస్కు జాతి కూడ చూడవలెను. డీవీడీ మైనస్ ఆర్ 1997లోను, ప్లస్ ఆర్ 2002లోను వచ్చినవి. అంతకు ముందటి ప్లేయరు ప్లస్ ఆర్ ను గుర్తింపకపోవచ్చును. మరల మరల వ్రాయదగు ఆర్డబ్ల్యూ డిస్కు తనపై పడిన కాంతిలో సుమారు పావువంతే వెనుకకు పంపును. పాత కంటి కది చాలదు. క్రొత్తగా వ్రాయునపుడు 16 రెట్ల వేగము వలదు, 4 లేక 8 చాలును. పంచాయతీ ముద్రతో కాగితపు చీటీ అంటింపకుడు. ముద్ర లేనిదే మనకు తృప్తి కలుగదని నేనెరుగుదును గాని, ఆ చీటీ వలన డిస్కు తిరుగునపుడు తూకము తప్పును, వేడికి వంకర పోవును.

2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకము మన జిల్లాలోని నార్పల మండలము బండ్లపల్లెలో ప్రారంభమైనది. ఆ తరువాతి యేండ్ల గ్రామసభలు, పూడికతీత పనులు మీ బీరువాలలోని డిస్కులపై నుండవచ్చును. ఇంట వ్రాసిన డిస్కులో చిత్రము నిలుచునది ఒక రంగు పొరపై. ఎండకు, వేడికి ఆ రంగు వెలియును. 40 డిగ్రీలు దాటు మన వేసవులలో రేకుల కప్పు క్రింది ఇనుప బీరువా దానికి తగిన చోటు కాదు. క్రొత్త కంప్యూటర్లలో డిస్కు పెట్టు అరయు అరుదైనది. కనుక పాత కంప్యూటరు దొరికినప్పుడే ఆ చిత్రములను పెన్ డ్రైవుపైకి, వేరొక చోటికి కూడ ఎక్కించి, ఏది ఎక్కడ నున్నదో రిజిస్టరులో వ్రాయించుడు.

ఆ గ్రామపు డిస్కు ఏమైనదని అడుగుదురు. అది కేవలము ఫైలుగా ఎక్కించిన డిస్కు. ఉన్నత పాఠశాలలోని పాత కంప్యూటరులో మూడవ ప్రయత్నమున తెరచుకొన్నది. చివరి రెండు నిమిషములు చెడిపోయినవి, తక్కినది దక్కినది. వివాదము ఇంకను తీరలేదు. కాని నాడు నవ్వినవారే ఆ సాయంకాలము బెంచీలపై కూర్చుండి, నీరుగంటి ఏ రాతి కడ నిలిచెనో చూచుటకు ఆ దృశ్యమును నాలుగుమారులు వేయించుకొనిరి.