లెక్క పెంచుకుందాము - వాయిదాల మీద

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నకారా కేసులో 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకోవడానికి మనం ఏటా ఈ రోజున కూడుతున్నాము. పెన్షను అన్నది ఎవరి దయాధర్మమూ కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని ఆ తీర్పు చెప్పింది. దాన్ని గురించి నాకంటే బాగా చెప్పగలవారు నా తర్వాత మాట్లాడతారు. కార్యదర్శిగారు నాకప్పగించిన పని వేరు. "ఆరోగ్యం మీద పది నిమిషాలు మాట్లాడండి సార్, బి.పి., షుగరు తప్ప" అన్నారు. ఆ రెండింటి గురించి ట్రెజరీ దగ్గర బెంచీ మీద కూర్చున్న ప్రతిసారీ మాట్లాడుకుంటూనే ఉంటాము గనుక ఆ షరతు న్యాయమైనదే. నేను వైద్యుణ్ణి కాను. ముప్పై నాలుగేళ్ళు లెక్కలు రాసినవాణ్ణి. అందుకని లెక్క గురించే చెబుతాను. కుర్చీలో నుంచి మీరు ఎన్నిసార్లు లేవగలరు, ఆ అంకెను ఎట్లా పెంచుకోవాలి అన్నదే ఆ లెక్క.

నవ్వుతున్నారు. సరే, ఇంటికి పోయి చేసి చూడండి. చేతులు లేని గట్టి కుర్చీ ఒకటి గోడకు ఆనించి వేయండి. రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకొని, ఎవరినైనా వాచీ చూడమని చెప్పి, 30 సెకండ్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడి కూర్చోగలరో లెక్కించండి. పక్కన ఒక మనిషి ఉండడం మరవద్దు. ఇది నేను కల్పించినది కాదు. రిక్లీ, జోన్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో ప్రకటించిన పరీక్ష. అమెరికాలో పెద్దవాళ్ళు పడిపోయే ప్రమాదం ఎంతో తెలుసుకోవడానికి ఇప్పటికీ వాడుతున్నారు. వాళ్ళ లెక్క ప్రకారం 65 నుంచి 69 ఏళ్ళ మగవారు 12 సార్లకు, ఆడవారు 11 సార్లకు తగ్గితే కాళ్ళ బలం తక్కువన్నట్టు. 75 నుంచి 79 ఏళ్ళవారిలో మగవారికి 11, ఆడవారికి 10. చేతులు ఊనకుండా లేవలేకపోతే సున్న వేసుకోవాలి. అవి అక్కడి మనుషుల అంకెలు గనుక మనం వాటిని గీటురాయిగా పెట్టుకోనక్కరలేదు. మన అంకె మనకు తెలిస్తే చాలు.

ఈ అంకె ఎందుకు ముఖ్యమో ఒక సంగతి చెబుతాను. పేరు చెప్పను, మన మిత్రుడే. తెల్లవారుజామున స్నానాల గదిలో జారి కూలబడ్డాడు. దేవుని దయవల్ల ఎముక విరగలేదు, తల పగలలేదు. అయినా రెండు గంటలపాటు ఆ తడినేల మీదనే ఉండిపోయాడు. లేవడానికి తొడల్లో సత్తువ లేదు. భార్యకు ఆయనను లేవదీసే శక్తి లేదు. పక్కింటి కుర్రవాడు నైట్ డ్యూటీ ముగించుకొని వచ్చేదాకా ఆమె తలుపు దగ్గర కూర్చొని మాట్లాడుతూ ఉండిపోయింది. దెబ్బ కన్నా ఆ రెండు గంటలే ఆయనను కుంగదీశాయి. ఆ తర్వాత మూడు నెలలు గడప దాటలేదు. అదే తొడ బలం ఉంటే ఒక నిమిషంలో బక్కెటు అంచు పట్టుకొని లేచేవాడు, మనతో చెప్పుకొని నవ్వేవాడు.

కండ తగ్గడం మనకు రిటైరయ్యాక మొదలయ్యేది కాదు. ముప్పై దాటినప్పటి నుంచి పదేళ్ళకు నూటికి 3 నుంచి 8 వంతుల దాకా కరుగుతుందనీ, అరవై తర్వాత ఆ వేగం పెరుగుతుందనీ వైద్యులంటారు. కండ కన్నా బలం ఇంకా త్వరగా తగ్గుతుంది. మరి పోయినది తిరిగి వస్తుందా? కమ్యూట్ చేసుకున్న పెన్షను పదిహేనేళ్ళకు గానీ తిరిగి రాదు. కండకు అంత కాలం పట్టదు. 1990లో బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్ళ పదిమంది చేత ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులెత్తించారు. తొమ్మిదిమంది చివరిదాకా చేశారు. వాళ్ళ కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏళ్ళవాళ్ళకు! మనలో చాలామంది వాళ్ళముందు పిల్లలం.

మనకు బరువులూ యంత్రాలూ అక్కరలేదు, ఒంటి బరువే చాలు. ఈ విద్య మనకు కొత్తదీ కాదు. చిత్తూరుకు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో కాణిపాకం వరసిద్ధి వినాయకుడి ముందు చెవులు పట్టుకొని గుంజీలు తీయనివారు మనలో ఎవరున్నారు? బడిలో అయ్యవారు తీయించినవి సరేసరి. పల్లెల్లో దండీలు, బస్కీలు తీసిన పహిల్వాన్లను చూసినవాళ్ళం. ఛాతీ మీద ఏనుగును మోసిన కోడి రామ్మూర్తి నాయుడుగారి కథలు విని పెరిగినవాళ్ళం. కుర్చీ మీద నుంచి లేచి కూర్చోవడం అంటే సగం గుంజీ. మిగిలిన సగం కుర్చీ మోస్తుంది. అంతే తేడా.

నా సంగతి చెబుతాను. అరవై ఆరో ఏట నా అంకె 7. ఇప్పుడు డెబ్బై నాలుగు, అంకె 16. మధ్యలో జరిగినది ఒక్క మాటలో చెప్పాలంటే ఇంక్రిమెంటు. మనకు జీతం ఒక్కసారిగా పెరిగిందా? ఏడాదికొక ఇంక్రిమెంటు, ఆరు నెలలకొక డి.ఏ. ఇదీ అట్లాగే. మీరు ఒక విడతలో ఎనిమిదిసార్లు లేవగలిగితే ఎనిమిదితో మొదలుపెట్టకండి. ఐదు చేయండి. రెండు నిమిషాలు కూర్చోండి. మళ్ళీ ఐదు. మళ్ళీ రెండు నిమిషాలు. మళ్ళీ ఐదు. మొత్తం పదిహేను అయినాయి, ఎక్కడా ఆయాసం లేదు. ఇంకా రెండు చేయగలను అనిపించినప్పుడే ఆపాలి. రోజు మార్చి రోజు చేయాలి, ఎందుకంటే కండ పెరిగేది పని చేసేటప్పుడు కాదు, విశ్రాంతిలో. వారానికి ఒక విడతలో ఒక్కటి పెంచండి. మొదటి వారం ఐదు, ఐదు, ఐదు. రెండో వారం ఆరు, ఐదు, ఐదు. మూడో వారం ఆరు, ఆరు, ఐదు. గోడ మీద క్యాలెండరులో ఆ తేదీ గడిలోనే అంకె రాయండి. పాలవాడి లెక్క రాసే పెన్సిలే దీనికీ సరిపోతుంది.

మొదటి నెలలో అంకె గబగబా పెరుగుతుంది. కండ వచ్చేసిందని సంబరపడవద్దు. అప్పటికి నరాలకు పని అలవాటవుతుంది, ఉన్న కండనే బాగా వాడుకోవడం నేర్చుకుంటాయి. అసలు కండ మెల్లగా, రెండో నెలకు గానీ మొదలుకాదు. సరిగ్గా అప్పుడే అంకె ఆగిపోయినట్టు కనబడుతుంది. మన కాలంలో ఎఫిషియెన్సీ బార్ అని ఒకటుండేది, జ్ఞాపకముందా? స్కేలు మధ్యలో ఆపి, దాటినవాడికే పై ఇంక్రిమెంటు ఇచ్చేవారు. ఇదీ అటువంటిదే. చాలామంది ఇక్కడ విసిగి మానేస్తారు. మానవద్దు, అంకెను వదిలి పద్ధతి మార్చండి. లేచేటప్పుడు మామూలుగా లేచి, కూర్చునేటప్పుడు మనసులో నాలుగు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా దిగండి. పది చేసేవాడు ఆరుకు పడిపోతాడు. పడిపోనివ్వండి. రెండు వారాలు అట్లా చేసి మళ్ళీ మామూలు వేగానికి వస్తే పన్నెండు వస్తాయి. నాకు పదకొండు దగ్గర ఆరు వారాలు ఆగిపోతే ఈ ఉపాయమే దాటించింది.

ఒక విడతలో ఇరవై సులువుగా వచ్చినవారు ముప్పైకి, నలభైకి పోవడంలో లాభం తక్కువ. దానివల్ల ఓపిక పెరుగుతుంది గానీ బలం పెద్దగా పెరగదు. కొంచెం ఎత్తు తక్కువ కుర్చీకి మారండి, అంకె మళ్ళీ పదికి వస్తుంది. ఒక సీనియర్ మిత్రుడు రోజూ వంద చేస్తానని పార్కులో అందరికీ చెబుతాడు. చూస్తే సగం లేచి సగం కూర్చుంటాడు. అది ఆడిట్‌లో నిలవదు.

చేతులకు దండీలు. నేల మీద వద్దు. గోడకు మూరెడు దూరంలో నిలబడి, అరచేతులు గోడకు ఆనించి, వంగి వెనక్కు తోసుకోండి. పదిహేను తేలికైతే వంటింటి గట్టు, ఆ తర్వాత గట్టి బల్ల. లెక్క పెంచే పద్ధతి అదే.

జాగ్రత్తలు తొందరగా చెప్పేస్తాను. ఊపిరి బిగబట్టవద్దు, లేచేటప్పుడు వదలండి. బిగబడితే బి.పి. ఎగురుతుంది. బి.పి. మాత్రలు వేసుకునేవారికి లేవగానే కళ్ళు తిరుగుతుంటే, ముందు ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. గుండెకు స్టెంటు పడినవారు, మోకాలి చిప్ప మార్పించుకున్నవారు, ఈ మధ్యనే కంటి ఆపరేషన్ అయినవారు అడగకుండా మొదలుపెట్టవద్దు. తొడల్లో రెండు రోజులుండే నొప్పి మామూలే. కీలులో పొడిచినట్టున్నా, ఛాతీలో బరువనిపించినా ఆపేయాలి. ఇక తిండి. మన సంగటి మంచిదే, కానీ కండకు కావలసింది దానితోబాటు తినే పప్పులో, ఉలవల్లో, గుడ్డులో, పాలలో ఉంది. రాత్రి రెండు ఇడ్లీలతో సరిపెట్టేవారు ఒక గ్లాసు పాలు కలుపుకోండి, డాక్టరు వద్దంటే తప్ప.

"రోజూ నడుస్తున్నాం కదా, ఇదెందుకు?" అని మీరడగవచ్చు. నడక గుండెకు మంచిది, మానవద్దు. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన సూచనల్లో నడకతోబాటు వారానికి కనీసం రెండు రోజులు కండకు పని పెట్టమని, పెద్దవాళ్ళు మూడు రోజులు నిలకడ అభ్యాసం కూడా చేయమని ఉంది. తిరుపతివాళ్ళకు వేరే సాక్ష్యం అక్కరలేదు. అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లు. రోజూ చదునైన రోడ్డు మీద ఐదు కిలోమీటర్లు నడిచేవాడు కూడా మోకాళ్ళ పర్వతం దగ్గర ఎందుకు ఆగిపోతాడు? ఒంటి బరువును పైకెత్తడం నడక నేర్పదు గనుక. నేను అరవై తొమ్మిదిలో శ్రీవారి మెట్టు దారిన 2,388 మెట్లు ఎక్కాను. దిగేటప్పుడు మాత్రం బస్సులోనే వచ్చాను, దిగుడులో తొడల మీద బరువు వేరే రకం. నా భార్య మెట్లెక్కలేదు. ఆమె లక్ష్యం వేరు, పూజకు నేల మీద కూర్చొని ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేవడం. కుర్చీ నుంచి స్టూలుకు, స్టూలు నుంచి పీటకు దిగడానికి ఆమెకు పద్నాలుగు నెలలు పట్టింది. పోయిన వినాయక చవితికి కథ అయిపోయి అక్షింతలు వేసుకున్నాక తానే లేచి, నాకు చెయ్యి ఇచ్చింది.

వచ్చే నెల సమావేశానికి అరగంట ముందు హాలు తెరిపించమని కార్యదర్శిగారిని అడిగాను, ఒప్పుకున్నారు. ఆరు కుర్చీలు గోడకు ఆనించి వేయిస్తారు. వాచీ, నోటుబుక్కు నేను తెస్తాను. దంపతులుగా రండి. ఎవరి అంకె వారికే చెబుతాను, బోర్డు మీద రాయను.