ట్యూనింగ్ బాక్సా, ఈసీయూ రీమ్యాపా? మీ కారుకి ఏది కరెక్ట్?

ఈరోజు ఎపిసోడ్ విజయవాడ నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న మీద. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ 1.5 టీఎస్ఐ, డీఎస్‌జీ ఆటోమేటిక్. కొని ఏడాది అయింది, లోన్ ఇంకా నాలుగేళ్లు కట్టాలి. "అన్నా, రీమ్యాప్ చేయించనా, ట్యూనింగ్ బాక్స్ పెట్టించనా?" అని అడిగాడు. ఆన్సర్ చివర్లో చెప్తా. అది ఎలా వచ్చిందో అర్థమైతే మీ కారు సంగతి మీరే తేల్చుకోగలరు.

ముందు బేసిక్స్. ఈసీయూ అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్. అందులో మ్యాప్స్ అనే టేబుల్స్ ఉంటాయి, మన ఎక్సెల్ షీట్ లాంటివే. ఇంత ఆర్‌పీఎం, ఇంత లోడ్ ఉంటే పెట్రోల్ ఎంత పోయాలి, స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలి, టర్బో ప్రెజర్ ఎంత ఉండాలి అని. కంపెనీ ఈ నంబర్లని కొంచెం తగ్గించే పెడుతుంది. ఎందుకంటే అదే కారు రాజస్థాన్ ఎండలో నడవాలి, లడఖ్ చలిలోనూ నడవాలి, ఏ బంకులో పెట్రోల్ కొట్టించినా నడవాలి. ట్యూనర్లు వాడుకునేది ఆ మార్జిన్‌నే. టర్బో లేని ఇంజిన్‌లో ఆ మార్జిన్ చాలా తక్కువ, అక్కడ డబ్బు పెట్టడం దండగ.

ఇప్పుడు ట్యూనింగ్ బాక్స్. దీన్నే పిగ్గీబ్యాక్ అంటారు. ఇది సెన్సర్‌కీ ఈసీయూకీ మధ్యలో కూర్చుంటుంది. టర్బో ప్రెజర్ నిజంగా ఎంతుందో దానికంటే తక్కువ చేసి ఈసీయూకి చెప్తుంది. ఈసీయూ "అరె, తక్కువుందే" అనుకుని ఇంకొంచెం పెంచుతుంది. అంటే అబద్ధం చెప్పి పని చేయించుకోవడం అన్నమాట. ప్లస్ ఏంటంటే కోడ్‌ని ముట్టుకోదు, పీకేయడం ఈజీ. మైనస్ ఏంటంటే, ఇంజిన్‌ని కాపాడే లెక్కలన్నీ ఈసీయూ ఆ తప్పుడు నంబర్ల మీదే వేస్తుంది.

రీమ్యాప్ అలా కాదు. ఓబీడీ పోర్ట్ ద్వారానో, ఈసీయూని బయటికి తీసో, టేబుల్స్‌నే మార్చేస్తారు. బూస్ట్, ఇంధనం, స్పార్క్, టార్క్ లిమిట్ అన్నీ ఒకదానికొకటి సరిపోయేలా మార్చొచ్చు. ఫోన్‌లో కస్టమ్ రామ్ వేసినట్టు. స్టేజ్ 1 అంటే సాఫ్ట్‌వేర్ మాత్రమే. స్టేజ్ 2కి డౌన్‌పైప్ లాంటి పార్టులు కూడా మార్చాలి. టెక్నికల్‌గా చూస్తే మంచి రీమ్యాప్‌దే పైచేయి. కానీ "మంచి" అన్న మాట దగ్గరే అసలు కథ ఉంది.

చాలాచోట్ల రెడీమేడ్ ఫైల్ ఎక్కించి పంపేస్తారు. ఆ ఫైల్ యూరప్‌లో దొరికే 98 ఆక్టేన్ పెట్రోల్ కోసం రాసిందైతే? మన బంకుల్లో ఇప్పుడు ఈ20. కిలో పెట్రోల్ పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 కిలోలు చాలు. అంటే లెక్కే వేరు. ఆక్టేన్ సరిపోకపోతే స్పార్క్‌తో అంటుకున్న మంట చేరకముందే మిగిలిన మిశ్రమం తనంతట తనే పేలుతుంది, అదే నాకింగ్. నాక్ సెన్సర్ పట్టుకుని స్పార్క్‌ని వెనక్కి లాగుతుంది. మీరు డబ్బు కట్టిన పవర్ రాదు, వేడి మాత్రం పెరుగుతుంది.

అందుకే ట్యూనర్‌ని ఈ నాలుగు అడగండి. నా ఒరిజినల్ ఫైల్ బ్యాకప్ నా చేతికి ఇస్తారా? ట్యూన్‌కి ముందూ తర్వాతా డేటా లాగ్ తీసి నాకింగ్, గాలి టెంపరేచర్ చూపిస్తారా? మీ టూల్ ఒరిజినలా, క్లోనా? ఫ్లాష్ చేసేటప్పుడు బ్యాటరీకి సపోర్ట్ చార్జర్ పెడతారా? మధ్యలో వోల్టేజ్ పడిపోతే ఈసీయూ ఇటుకరాయి అయిపోవచ్చు. వీటిలో ఒక్కదానికి నసిగినా, థాంక్యూ చెప్పి వచ్చేయండి. ఇంకో విషయం, సర్వీస్ సెంటర్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే మీ ట్యూన్ చెరిగిపోవచ్చు. మళ్లీ ఎక్కించడానికి ఎంత తీసుకుంటారో కూడా ముందే అడగండి.

ఇక తమ్ముడి కారు దగ్గరికి వద్దాం. అందులో ఉన్నది డీక్యూ200, ఏడు గేర్ల డ్రై క్లచ్ గేర్‌బాక్స్. అది తట్టుకునే టార్క్ 250 ఎన్ఎం. మరి 1.5 ఇంజిన్ కంపెనీ నుంచే ఇచ్చే టార్క్ ఎంత? 250 ఎన్ఎం. మార్జిన్ మొత్తం కంపెనీయే వాడేసింది. పాత పోలో జీటీ టీఎస్ఐలోనూ ఇదే గేర్‌బాక్స్, కానీ ఆ 1.2 ఇంజిన్ ఇచ్చేది 175 ఎన్ఎం. అక్కడ 75 ఎన్ఎం ఖాళీ ఉంది. "పోలోకి చేయిస్తే ఏం కాలేదు బ్రో" అనే వీడియోలు వర్టస్‌కి పనికిరావు.

తర్వాత వారంటీ. ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్ సిస్టమ్‌లో టీడీ1 అని ఒక ఫ్లాగ్ ఉంది. ట్యూన్ చేసిన ఈసీయూ అని తేలితే అది పడుతుంది, ఇంజిన్, గేర్‌బాక్స్ క్లెయిమ్ అక్కడితో ఆగిపోతుంది. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకపోతే అక్కడా పేచీ రావొచ్చు. చట్టం సంగతీ చూడండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా మార్పులు చేయకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. "సాఫ్ట్‌వేరే కదా, ఎవరు చూస్తారు" అంటారా? 2015లో బయటపడ్డ డీజిల్‌గేట్ కూడా సాఫ్ట్‌వేరే. క్యాటలిటిక్ కన్వర్టర్ పీకేద్దాం అనే ట్యూనర్ దగ్గరికి అసలు వెళ్లకండి.

కాబట్టి తమ్ముడూ, నీకు నా ఆన్సర్: రెండూ వద్దు. గేర్‌బాక్స్‌లో ఖాళీ లేదు, వారంటీ నడుస్తోంది, ఈఎంఐ కడుతున్నావు. మెకట్రానిక్ యూనిట్ పోతే బిల్లు లక్ష దాటుతుంది, అది నీ జేబులోంచే. అదే డబ్బుతో మంచి టైర్లు, బ్రేక్ ప్యాడ్లు వేయించు. కారు ఎలా మారుతుందో మొదటి మలుపులోనే తెలుస్తుంది.

మిగతావాళ్లకి ఆర్డర్ గుర్తుంచుకోండి: ముందు గేర్‌బాక్స్ లిమిట్, తర్వాత వారంటీ, తర్వాత పెట్రోల్, ఆఖర్న సాఫ్ట్‌వేర్. ఈ మూడూ దాటిన కారైతేనే లాగ్ చూసి రాసే కస్టమ్ స్టేజ్ 1 గురించి ఆలోచించండి. సరే ఫ్రెండ్స్, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. బెల్ట్ పెట్టుకోండి, ఉంటా.